ఇచ్ఛాపురం నుంచి సూళ్ళూరుపేట దాకా: పక్షుల కోసం తీరం వెంట

అందరికీ నమస్కారమండి. వెనక వరసలకి వినిపిస్తోందా? ఆ ఫ్యాన్ ఒక్కటి కాస్త తగ్గిస్తే ఇంకా బాగుంటుంది. ఆ, ఇప్పుడు ఓకే.

పక్షులు చూడ్డానికి సెలవులు ఎలా ప్లాన్ చేసుకోవాలో చెప్పమన్నారు నన్ను. ఒప్పుకునేటప్పుడే చెప్పేశా, రాజస్థాన్‌లో పక్షులకి పేరుపడ్డ భరత్‌పూర్ లాంటి పెద్ద పేర్ల జోలికి వెళ్ళను, మన సముద్రతీరం వెంట ఇచ్ఛాపురం నుంచి సూళ్ళూరుపేట దాకా ఉన్న చిన్న చిన్న చోట్ల గురించే మాట్లాడతా అని. చిన్నవి అంటే నిజంగా చిన్నవేనండి. ఒక ఊరి మధ్య నాలుగు చింతచెట్లు, ఒక చెరువు, ఉప్పుకయ్యల పక్కన ఒక బురదనేల. కొన్నింటికి గేటూ టికెట్టూ వాచ్‌టవరూ ఉంటాయి, కొన్నింటికి అసలు బోర్డే ఉండదు. కానీ హౌరా చెన్నై రైలు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే వీటిల్లో చాలావరకు ఆ లైనుకి దగ్గర్లోనే ఉంటాయి, మనం నిద్రపోతూ దాటేస్తాం అంతే.

నేను ఇవాళ చెప్పదల్చుకున్నది ప్రధానంగా ఒకటే. సెలవు ఎప్పుడు దొరికిందో చూసి బయల్దేరకండి, నీళ్ళు ఎప్పుడు ఎలా ఉంటాయో చూసుకుని సెలవు పెట్టుకోండి. పక్షులకి క్యాలెండర్ లేదు, నీళ్ళున్నాయి. చెరువు నిండిందా, పోటు ఎప్పుడు, సరస్సు సముద్రంలో కలిసే మొగ తెరుచుకుందా మూసుకుపోయిందా, వాటికి ఇదే లెక్క. దసరా సెలవులకి పిల్లల్ని కార్లో వేసుకుని సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టు పక్షుల చెరువుకి వెళ్ళి అక్కడేం లేదండీ అని తిట్టుకుంటూ వచ్చినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఎందుకుంటాయండి? నెల్లూరు వైపు వానలు ముఖ్యంగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. చెరువు నిండాలి, చేపలు పెరగాలి, అప్పుడు కదా అవి గూడు కట్టేది. అదే శ్రీకాకుళం వైపు జూన్ నుంచే నైరుతి వానలు. అంటే మన తీరానికి ఈ చివర ఒక సీజను, ఆ చివర ఇంకో సీజను. ఇది బుర్రలో పెట్టుకుంటే సగం ప్లాన్ అయిపోయినట్టే.

ఉత్తరం నుంచి మొదలెడతా. ఇచ్ఛాపురం మండలంలో తేలుకుంచి అని ఊరు, ఒడిశా బోర్డర్‌కి పక్కనే. తొలకరి పడగానే అక్కడికి నత్తగుల్ల కొంగలు వస్తాయి, ఇంగ్లీషులో ఓపెన్‌బిల్ అంటారు. ఊళ్ళో ఇళ్ళ మధ్య చెట్ల మీదే గూళ్ళు పెడతాయి. ఈ పక్షి ముక్కు మీరు బైనాక్యులర్స్‌లో నిదానంగా చూడాలండి. పై ముక్కూ కింద ముక్కూ చివర్లో కలుస్తాయి గానీ మధ్యలో సందు ఉంటుంది, చూస్తే అచ్చం అడకత్తెరలాగే ఉంటుంది. అందుకని చాలామంది నత్తని ఆ సందులో పెట్టి పటుక్కుమని పగలగొడుతుంది అనుకుంటారు. కాదు. పొలంలో మీ కళ్ళముందే చూడొచ్చు, నత్తని నేలకి అదిమిపెట్టి, కింద ముక్కు కొనని గుల్ల మూత కిందికి దూర్చి, లోపల కండ పట్టుకున్న చోటు తెంపి, మొత్తం మాంసం బయటికి లాగేస్తుంది, గుల్ల దాదాపు చెక్కుచెదరకుండా అక్కడే పడి ఉంటుంది. గట్టు మీద అలాంటి ఖాళీ గుల్లలు కనిపించాయంటే అది కొంగ భోంచేసిన చోటని అర్థం. ఇంకో విషయం, పిల్లలకి ఆ సందు ఉండదు, పెద్దయ్యేకొద్దీ వస్తుంది. అదే చెట్టు మీద సందున్న ముక్కూ లేని ముక్కూ పక్కపక్కన చూడొచ్చు, ఏది తల్లో ఏది పిల్లో అలా తెలుస్తుంది.

తేలుకుంచికి వానాకాలంలోనే వెళ్ళాలి, గొడుగు పట్టుకుని చూడాలి, ఫొటోలు సరిగ్గా రావు. అయినా వెళ్ళండి. వరి ఊడుపుల టైములో ఆ పచ్చదనంలో తెల్లటి కొంగలు, అబ్బ, నాకు మాటలు చాలవు.

అక్కడినుంచి దక్షిణంగా టెక్కలి వైపు వస్తే తేలినీలాపురం. ఇది కొంచెం పేరున్న ఊరే, అటవీశాఖ వాళ్ళు చిన్న కేంద్రం, చూడ్డానికి టవరు పెట్టారు. ఇక్కడ రెండు రకాలు ముఖ్యం, గూడబాతులు అంటే పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు అంటే పెయింటెడ్ స్టార్కులు. సెప్టెంబర్ అక్టోబర్ నుంచి మార్చి దాకా ఉంటాయి. ఊళ్ళో చింతచెట్ల మీద గూళ్ళు, మేత కోసం దగ్గర్లోని నౌపడా ఉప్పునేలలకీ, క్రీకుకీ, చెరువులకీ పోతాయి. ఊరివాళ్ళు వీటిని ఆడపిల్ల పురిటికి పుట్టింటికొచ్చినట్టు చూస్తారు, ఎవరినీ రాయి వెయ్యనివ్వరు. పక్షి రాకపోతే ఆ ఏడు ఊరికి మంచిది కాదని నమ్ముతారు. ఆ నమ్మకం సైన్సా కాదా అని నేను వాదించను, ఏ చట్టమూ కాపలా కాయని చెట్టుని అది కాపాడింది.

ఇక్కడ కొంచెం ఆగి ఒక మాట చెప్పాలి, ఇది నన్ను చాలా ఏళ్ళుగా బాధపెడుతున్న విషయం. ఏ పేపర్ తీసినా, ఏ టీవీ చూసినా, తేలినీలాపురానికి సైబీరియా నుంచి విదేశీ అతిథులు వచ్చేశాయి అని రాస్తారు. ఏళ్ళ తరబడి ఇదే. గూడబాతు సైబీరియా ముఖం ఎప్పుడూ చూడలేదండి! మనం చూసే ఈ స్పాట్ బిల్డ్ పెలికాన్ ఇండియా, శ్రీలంక, కంబోడియా లాంటి దేశాల్లోనే గూళ్ళు పెట్టే పక్షి. ఎర్రకాళ్ళ కొంగ కూడా అంతే, దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షి. నత్తగుల్ల కొంగా అంతే. ఇవి మనవి. గూళ్ళ కాలం అయిపోయాక మన చెరువులూ, మన ఏటి పాయలూ, మన చేపల చెరువులూ పట్టుకునే తిరుగుతుంటాయి. పక్క జిల్లాలోనో పక్క రాష్ట్రంలోనో ఉంటాయి. ఇదేం చిన్న తప్పా, రాస్తే రాశారులే అని మీరనొచ్చు. చిన్నది కాదు. అతిథి అంటే ఏమనుకుంటాం, ఉన్న కొన్ని నెలలు చూసుకుంటే చాలు, తర్వాత వాళ్ళింటికి వాళ్ళు వెళ్తారు అనుకుంటాం. మిగతా నెలలు ఆ పక్షి తిరిగే చెరువు పూడ్చేస్తున్నా ఎవరికీ పట్టదు, ఎందుకంటే అది సైబీరియాలో ఉంది కదా మన లెక్కలో.

దీనికి రుజువు 2021 చివర్లో, 2022 జనవరిలో చూశాం. తేలినీలాపురంలో వందకి పైగా గూడబాతులు చనిపోయాయి. కడుపులో నులిపురుగులు విపరీతంగా ఉన్నాయని తేలింది, అవి తిన్న చేపల ద్వారా వచ్చేవి. అంటే గూడు ఉన్న చెట్టు ఎంత భద్రంగా ఉన్నా, మేసే నీళ్ళు చెడితే పక్షి పోతుంది. అభయారణ్యం గేటు లోపల ఉన్నది సగమే, మిగతా సగం చుట్టుపక్కల చెరువుల్లో ఉంది. తుఫాన్ల సంగతి కూడా అంతే, 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకొరిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. తోట మళ్ళీ వేసుకోవచ్చు కష్టమో నష్టమో, కానీ కొంగ గూడు పెట్టేంత చింతచెట్టు కావాలంటే ఒక తరం పడుతుంది.

మరి నిజంగా దూరం నుంచి వచ్చేవి లేవా అంటే ఉన్నాయి, బోలెడు. వాటిని ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే అవి చిన్నగా, బూడిదరంగులో, బురదలో కలిసిపోయి ఉంటాయి. లిటిల్ స్టింట్ అని ఒక పిట్ట, మన పిచ్చుకంత, పాతిక ముప్పై గ్రాములుంటుంది. అది గుడ్లు పెట్టేది ఉత్తరాన ఆర్కిటిక్ టండ్రాలో. అంత దూరం నుంచి ఎగిరొచ్చి కాకినాడ బురదలో పరిగెత్తుతుంటుంది. దాన్ని చూడ్డానికి మనం కోరింగ వెళ్దాం.

కోరింగ అభయారణ్యం 1978లో ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్లు. ఇది చిన్నది అనలేని చోటు, కానీ మనం చూసేది ఇందులో చిన్న చిన్న ముక్కలే కాబట్టి చేర్చా. కోరింగ ఒకప్పుడు పెద్ద రేవు, ఓడలు కట్టిన ఊరు, 1839 తుఫానుతో దెబ్బతిని మళ్ళీ కోలుకోలేదు. ఇప్పుడు అక్కడ ఉన్నది మడ అడవి. చెక్కబాట కట్టారు, దానిమీద నడుచుకుంటూ వెళ్ళొచ్చు, పడవలున్నాయి. ఆదివారం పదకొండింటికి వెళ్ళారంటే మాత్రం మీకు కనిపించేది సెల్ఫీ స్టిక్కులే. గేటు తెరిచే టైముకి అక్కడుండండి, మామూలు రోజు వెళ్ళండి. లకుముకి పిట్టలు ఎన్ని రకాలో చూడొచ్చు. బావురుపిల్లి ఉంటుంది ఈ అడవిలో, చేపలు పట్టే పిల్లి, రాత్రిపూట తిరుగుతుంది కాబట్టి మీకు కనిపించకపోవచ్చు, బురదలో అడుగులు మాత్రం కనిపిస్తాయి. నీటికుక్కలు కూడా ఉంటాయి.

అసలు విషయం అడవిలో లేదు, బయట బురదలో ఉంది. కాకినాడలో కుంభాభిషేకం రేవు వైపు వెళ్తే పాటు తీసినప్పుడు సముద్రం వెనక్కి పోయి బురదనేల బయటపడుతుంది, చాలా దూరం. బయట హోప్ ఐలాండ్ ఇసుకతిన్నె సముద్రానికి అడ్డంగా పడుకుని ఉంది కదా, అందుకని లోపల కెరటాలుండవు, గోదావరి తెచ్చిన ఒండ్రు అంతా అక్కడ పేరుకుంటుంది. ఆ బురదలో పురుగులు, చిన్న గుల్లలు, పీతలు. దూరదేశాల పిట్టలన్నీ వాటికోసమే వస్తాయి.

ఇక్కడ పోటూ పాటూ తెలియకుండా వెళ్తే మాత్రం దండగ. పూర్తిగా పాటులో వెళ్ళారనుకోండి, పక్షులు కిలోమీటరు అవతల చుక్కల్లాగా ఉంటాయి, ఏదేంటో తెలీదు. పూర్తి పోటులో వెళ్తే బురదే ఉండదు, పక్షులు వేరేచోటికి పోయి నిద్రపోతుంటాయి. పోటు పూర్తిగా ఎక్కడానికి గంటన్నర రెండు గంటల ముందు వెళ్ళి ఒకచోట కదలకుండా కూర్చోవాలి. నీళ్ళు మెల్లగా ఎక్కుతూ ఉంటే పక్షులు మేసుకుంటూ మేసుకుంటూ మీవైపే వస్తాయి. మీరు వాటి దగ్గరికి వెళ్ళక్కర్లేదు, సముద్రమే తెచ్చి మీ ముందు పెడుతుంది. పోటు టైము రోజుకి దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతూ ఉంటుంది, ఇవాళ ఏడింటికైతే రేపు ఎనిమిదికి కొంచెం ముందు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు బాగా ఎక్కుతుంది, అష్టమి నవమికి తక్కువ. ఫోన్లో యాప్‌లున్నాయి గానీ రేవులో వల బాగుచేసుకుంటున్న ఏ పెద్దాయన్ని అడిగినా తిథి చూసి చెప్పేస్తాడు, బాబాయ్ పోటు ఎప్పుడెక్కుతుంది అని అడగండి చాలు, దాంతోపాటు ఎక్కడ కూర్చోవాలో కూడా చెప్తారు.

చలికాలంలో అక్కడ ఇండియన్ స్కిమ్మర్లు కనిపిస్తాయి, ఇది మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. నల్ల టోపీ, తెల్ల ఒళ్ళు, నారింజరంగు ముక్కు. దీనికి కింద ముక్కు పైదానికంటే పొడుగు, ప్రపంచంలో ఉన్న మూడు రకాల స్కిమ్మర్లకి తప్ప ఇంకే పక్షికీ ఇలా ఉండదు. నీళ్ళమీద తక్కువ ఎత్తులో ఎగురుతూ ఆ కింద ముక్కుని నీళ్ళలో ఆనించి గీత గీసుకుంటూ పోతుంది, చేప తగలగానే టపీమని మూసేస్తుంది. వేసవిలో చంబల్, మహానది లాంటి నదుల మధ్య ఇసుకదిబ్బల మీద గుడ్లు పెట్టి చలికాలానికి ఇలా తీరానికి వస్తాయి. 2020లో వీటిని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చారు. ఇసుక తవ్వకాలు, డ్యాముల నుంచి ఒక్కసారిగా నీళ్ళు వదలడం, తక్కువ నీళ్ళప్పుడు కుక్కలు దిబ్బల మీదికి నడిచి పోవడం, అన్నీ గూళ్ళకి దెబ్బే. అలాంటి పక్షి గుంపుగా మన కాకినాడలో ఇసుక మీద గాలికి ఎదురు తిరిగి కూర్చునుంటే, దయచేసి, దయచేసి దగ్గరికి వెళ్ళి లేపకండి. ఎగిరే ఫొటో బాగుంటుందని పరిగెత్తుకెళ్ళి గుంపుని లేపేవాళ్ళని చూశా, కడుపు మండిపోతుంది. మేత దొరికేది కొద్ది గంటలే, మిగతా టైములో ఒళ్ళు కాపాడుకోవాలి అవి. మనం లేపిన ప్రతిసారీ ఆ శక్తి వృథా.

కొల్లేరు గురించి గంటలు మాట్లాడొచ్చు, ఇవాళ కొంచెమే చెప్తా. అది సముద్రం ఒడ్డున లేదు గానీ ఉప్పుటేరు ద్వారా సముద్రంతో కలిసి ఉంది కాబట్టి మన దారిలోదే. కైకలూరు పక్కన ఆటపాక పక్షుల కేంద్రం, రైలు దిగి ఆటో ఎక్కితే వచ్చేస్తుంది. అక్కడ గూడబాతులు ఇనప స్టాండ్ల మీద గూళ్ళు పెట్టుకుని ఉంటాయి, చెట్లు చచ్చిపోతే వాటికోసం కట్టినవి. మొదటిసారి చూసినవాళ్ళకి అదోలా ఉంటుంది, కానీ పక్షి ఒప్పుకుంది, పిల్లలు పెరుగుతున్నాయి. పడవలో దగ్గరదాకా తీసుకెళ్తారు.

ఈ గూడబాతుల వెనక ఒక కథ ఉంది. 1946లో కె.కె. నీలకంఠన్ గారు, తర్వాత మలయాళంలో ఇందుచూడన్ పేరుతో పక్షుల గురించి రాసిన ఆయన, కొల్లేరు దగ్గర పశ్చిమగోదావరిలో పెద్ద గూడబాతుల కాలనీ కనిపెట్టారు, దాదాపు మూడు వేల పక్షులు గూళ్ళు పెట్టుకుని ఉన్నాయి. 1975 ప్రాంతానికి అది పూర్తిగా పోయింది. ఒక పాతికముప్పై ఏళ్ళలో! తర్వాత 1999లో కొల్లేరు అభయారణ్యం అయింది, 308 చదరపు కిలోమీటర్లు, 2002లో రామ్‌సర్ గుర్తింపు, అంటే ప్రపంచస్థాయిలో ముఖ్యమైన చిత్తడినేల అన్న గుర్తింపు వచ్చింది, 2006లో సరస్సుని ఆక్రమించి వేసిన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం తెగ్గొట్టించింది, ఆ గొడవలు మీకు తెలిసినవే. చెరువుల రైతు కష్టం కూడా చిన్నది కాదు, లక్షలు పెట్టి పెంచిన చేపని గూడబాతు తింటుంటే వల కప్పుకుంటాడు, టపాసులు కాలుస్తాడు. ఇక్కడ ఒకర్ని విలన్ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. కానీ మూడు వేల పక్షులు ఒక తరంలో మాయమైన చోట మళ్ళీ ఇప్పుడు పిల్లల అరుపులు వినిపిస్తున్నాయంటే, అవకాశం ఇస్తే పక్షి తిరిగి వస్తుంది. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు చూడండి, ఎంతుంటుంది అది, అందులో తుమ్మచెట్ల మీద కిటకిటలాడుతూ ఉంటాయి.

ఇక నేలపట్టు. నాకు మిగతా అన్నిటికంటే ఇష్టమైన చోటు, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటా. దొరవారిసత్రం దగ్గర, హైవేకి ఆనుకున్నట్టే ఉంటుంది, 1976లో అభయారణ్యం అయింది, 458 హెక్టార్లు, అంతే. చెరువులో నీటి కడప చెట్లుంటాయి, నెలల తరబడి మొదలు నీళ్ళలో మునిగినా చావని చెట్టు. గూడబాతులు వాటిమీద గూళ్ళు పెడతాయి. చెట్టు చుట్టూ నీళ్ళుంటే పిల్లులూ నక్కలూ ఎక్కలేవు, అదీ కిటుకు. వాన తక్కువైన ఏడు చెరువు నిండకపోతే పక్షులు రావు, వచ్చినా గూళ్ళు తక్కువ పెడతాయి. నేను మొదట్లో నీళ్ళు నీళ్ళు అని ఎందుకన్నానో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. తెల్ల కంకణాలు అంటే ఐబిస్‌లు, నీటికాకులు, చింతవొక్కులు అంటే నైట్ హెరాన్లు, నత్తగుల్ల కొంగలు కూడా ఇవే చెట్లు పంచుకుంటాయి.

గట్టు మీద కూర్చుని ఒక్క గూడు ఎంచుకుని చూడండి. లిస్టు పెంచుకోవాలని అటూ ఇటూ పరిగెత్తకండి. తల్లి వచ్చి వాలగానే పిల్ల తలంతా తల్లి ముక్కు కింది సంచిలోకి దూర్చేస్తుంది, మెడదాకా, లోపల ఏం జరుగుతోందో కనిపించదు, బయట పిల్ల ఒళ్ళు మాత్రం ఊగిపోతుంటుంది. తల్లి సగం జీర్ణమైన చేపని పైకి తెచ్చి పెడుతుంది. ఎండెక్కాక ఆ సంచిని గజగజ ఆడిస్తూ ఉంటుంది, మనకి చెమట పట్టినట్టు అలా ఒళ్ళు చల్లబరుచుకుంటుంది. తొమ్మిదీ తొమ్మిదిన్నర ప్రాంతంలో ఇంకోటి చూడాలి. అప్పటిదాకా బద్ధకంగా కూర్చున్న పెద్ద పక్షులు ఒక్కొక్కటే లేచి చెరువు మీద గుండ్రంగా తిరగడం మొదలెడతాయి, రెక్క కొట్టకుండా పైకి పైకి పోతాయి. నేల వేడెక్కి గాలి పైకి లేచే దాకా ఆగి, ఆ గాలి మీద ఎక్కి, పైనుంచి జారుకుంటూ పులికాట్ వైపు మేతకి పోతాయి. అంత బరువైన పక్షికి అంత దూరం రెక్క కొట్టుకుంటూ పోవడం ఖరీదైన పని మరి. పొద్దున్నే ఆరింటికే వచ్చి ఎనిమిదికే వెళ్ళిపోయేవాళ్ళు ఇది మిస్సవుతారు, పక్షులు చూడ్డానికి తెల్లారకముందే వెళ్ళాలన్న మాట ఇక్కడ పూర్తిగా చెల్లదు.

చుట్టుపక్కల రైతులు ఈ చెరువు నీళ్ళు పొలానికి పారిస్తే ఎరువు కలిసొస్తుందంటారు, పక్షుల రెట్ట అంతా నీళ్ళలో కలుస్తుంది కదా. అందుకే అక్కడ పక్షికీ రైతుకీ తగాదా లేదు.

నేలపట్టు నుంచి సూళ్ళూరుపేట దగ్గరే. అక్కడినుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది, రెండు వైపులా నీళ్ళు. చిలికా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. మన రాకెట్ కేంద్రం ఉన్న దీవే దీనికీ సముద్రానికీ అడ్డం. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రోడ్డు పక్కన ఆగి చూస్తే రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు, గులాబీ గీతలాగా కనిపిస్తాయి. బైనాక్యులర్స్ పెట్టి ఒక్కదాని కాళ్ళే చూడండి, ఒకేచోట తొక్కుతూ మెల్లగా తిరుగుతుంటుంది, బురద కదిలి అందులో ఉన్న చిన్న జీవాలన్నీ పైకి లేస్తాయి, తల తలకిందులుగా పెట్టి నాలుకతో నీళ్ళు లోపలికీ బయటికీ కొడుతూ ముక్కు అంచుల్లో వడకట్టుకుంటుంది. ఆ గులాబీ రంగు కూడా తిండిలోంచి వచ్చిందే. బూడిదరంగులో ఉన్నవి కనిపిస్తే అవి వేరే జాతి కాదు, పిల్లలు, ఇంకా రంగు రాలేదు.

పులికాట్ కష్టం దాని మొగల్లో ఉంది. కాళంగి, స్వర్ణముఖి, ఆరణి నదులు మంచినీళ్ళు తెస్తాయి, సముద్రం మొగల్లోంచి ఉప్పునీళ్ళు వస్తాయి, ఆ రెండూ కలిస్తేనే రొయ్య, చేప, రాజహంస. మన వైపు రాయదొరువు దగ్గర మొగ ఇసుకతో పూడిపోతూ ఉంటుంది. పూడిందంటే సరస్సు పలచబడి, ఎండాకాలానికి ఉత్తరం వైపు తెల్లగా ఉప్పు పేరుకుని నేల బీటలు తీస్తుంది. పూడిక తియ్యమని జాలర్లు ఏళ్ళుగా అడుగుతున్నారు. జాలరి అడిగేదీ పక్షికి కావాల్సిందీ అక్షరాలా ఒకటే. ఫ్లెమింగో ఫెస్టివల్ అని జనవరిలో చేస్తారు, పిల్లలకి సరదాగా ఉంటుంది, స్టాళ్ళు, పాటలు. కానీ పక్షులు చూడాలనుకుంటే ఆ రోజులు వదిలేసి ముందు వారమో తర్వాత వారమో వెళ్ళండి.

ఎక్కడికి వెళ్ళినా డబ్బు ఆ ఊళ్ళోనే ఖర్చుపెట్టండి. చెన్నై నుంచి కారులో వచ్చి, ఇంట్లోంచి తెచ్చుకున్న పులిహోర తిని, ప్లాస్టిక్ ప్లేట్లు గట్టు మీద పడేసి సాయంత్రానికి వెళ్ళిపోతే ఆ ఊరికి మీవల్ల మిగిలింది చెత్తే. రాత్రి సూళ్ళూరుపేటలోనో టెక్కలిలోనో చిన్న లాడ్జిలో ఉండండి, ఊళ్ళో ఆటో మాట్లాడుకోండి, ఆ కుర్రాణ్ణే పక్షులు ఎక్కడున్నాయి తమ్ముడూ అని అడగండి. పక్షి వల్ల ఇంట్లోకి నాలుగు రూపాయలు వస్తే ఆ కుర్రాడే రేపు చెట్టు కొట్టనివ్వడు.

సరే, టైమ్ అవుతోంది, ప్రశ్నలుంటే అడగండి.

(ప్రేక్షకుల్లో ఒకరు: మాష్టారూ, బైనాక్యులర్స్ ఏవి కొనాలి? కెమెరా చాలదా?)

కెమెరా తర్వాతండి, ముందు బైనాక్యులర్స్. ఎనిమిది ఇంటూ నలభైరెండు అని ఉంటుంది, అది తీసుకోండి. పన్నెండు, ఇరవై రెట్లు అని అమ్ముతారు, చెయ్యి వణుకుతుంది, ఏమీ కనిపించదు. కాకినాడ బురదకి, పులికాట్‌కి స్కోప్, అంటే స్టాండు మీద పెట్టి చూసే దుర్భిణి, ఉంటే బాగుంటుంది, అది ఒకరు కొని పదిమంది చూడొచ్చు. ఫోన్లో మెర్లిన్ యాప్ ఉచితం, పేరు తెలియని పక్షి ఫొటో చూపిస్తే చెప్తుంది. చూసినవి ఈబర్డ్ అని పక్షుల లెక్కలు పెట్టే వెబ్‌సైట్ ఉంది, అందులో పెట్టండి, మీరు పెట్టే లెక్కే రేపు ఎవరికో పనికొస్తుంది. స్పీకర్లో పక్షి కూత పెట్టి పిలవడం, డ్రోన్ ఎగరెయ్యడం మాత్రం గూళ్ళ దగ్గర అస్సలు వద్దు. పెద్దవి బెదిరి లేచాయంటే పిల్లలు ఎండలో మాడిపోతాయి, కాకులొచ్చి గుడ్లు ఎత్తుకుపోతాయి.

(ఇంకొకరు: మా అమ్మగారికి మోకాళ్ళ నొప్పులండి, పిల్లలు చిన్నవాళ్ళు. రెండ్రోజులే దొరుకుతాయి. ఒక్కచోటు చెప్పండి.)

నేలపట్టు, పులికాట్ కలిపి వెళ్ళండమ్మా, జనవరి రెండో సగంలో. పులికాట్‌లో అయితే కారు దిగకుండానే అమ్మగారు రాజహంసల్ని చూడొచ్చు. నేలపట్టులో నడక తక్కువే, ఆవిడకి ఒక మడతకుర్చీ పట్టుకెళ్ళండి, గట్టుదాకా వచ్చి కూర్చుంటే చాలు. పిల్లల్ని ఒక గూడు ఎంచుకోమనండి, మూడు గంటల్లో ఆ గూడుకి ఎన్నిసార్లు మేత వచ్చిందో లెక్కపెట్టమనండి. ఫోను అడగరు, నేను చూశా. నీళ్ళు ఎంతున్నాయో మాత్రం బయల్దేరే ముందు అక్కడ ఎవరికైనా ఫోన్ చేసి కనుక్కోండి.

(మరొకరు: మేం లెక్కల్లో పాల్గొనొచ్చా? జనవరిలో ఏదో జరుగుతుందంటారు.)

ఆ, ఆసియా నీటిపక్షుల గణన. 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతోంది, ఎవరైనా రావొచ్చు, పక్షులన్నీ గుర్తుపట్టాలని లేదు. ఒకరు చూస్తే ఒకరు రాసుకోవాలి, మొదటి ఏడు రాసుకునే పని తీసుకోండి, దాంతోనే సగం పేర్లు వచ్చేస్తాయి. మీ ఊరి చెరువు అయినా ఫర్వాలేదు, అసలు ఎవరూ లెక్కపెట్టని చిన్న చెరువులే మాకు ఎక్కువ కావాలి. ఇక్కడ బయట టేబుల్ మీద పుస్తకం ఉంది, పేరు, మీకు దగ్గర్లో ఉన్న చెరువు పేరు రాయండి, డిసెంబర్‌లో అందర్నీ ఒకసారి కూర్చోబెట్టి ఫారం ఎలా నింపాలో చూపిస్తా.